సిపాయి లోటా చెప్పే యుద్ధకథ

యుద్ధం అనగానే మనకు ఫిరంగులు గుర్తుకు వస్తాయి, విమానాలు గుర్తుకు వస్తాయి, గుండెలనిండా పతకాలు తగిలించుకున్న సేనానులు గుర్తుకు వస్తారు. సిపాయి నడుముకు వేలాడే నీళ్ళబుడ్డి, దానిమీద బోర్లించిన లోటా ఎవరికీ గుర్తురావు. కాని ఒక ఇంటి సంగతి తెలుసుకోవాలంటే వసారాలో వేసిన కుర్చీలు చూసి ప్రయోజనం లేదనీ, వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూడాలనీ మన ఇల్లాళ్ళకు బాగా తెలుసు. రాజ్యాల సంగతీ అంతే.

రెండో ప్రపంచయుద్ధం 1939లో మొదలై 1945లో ముగిసింది. ఆ ఆరేళ్ళలో జర్మను సిపాయి నీళ్ళు తాగిన లోటాలను వరసగా పేర్చి చూస్తే, ఆ ప్రభుత్వం ఎప్పుడు ధీమాగా ఉన్నదో, ఎప్పుడు చెయ్యి ముడుచుకున్నదో, ఎప్పుడు దాని కొట్టు అడుగంటిందో వాటిమీద చదువుకోవచ్చు. మొదట వచ్చినవి అల్యూమినియం లోటాలు. తరువాత పింగాణీపూత పూసిన ఉక్కు లోటాలు వచ్చాయి. మధ్యలో బేకలైటువి కూడా వచ్చాయి. ఈ మార్పులు ఎవరో కొత్త ఫ్యాషను కోసం ముచ్చటపడి చేసినవి కావు. ఒక్కొక్క మార్పు వెనుకా ఒక లేమి ఉన్నది.

బంగారంలా చూసుకున్న లోహం

మనవాళ్ళు సత్తుగిన్నె అనీ, సిల్వరుగిన్నె అనీ పిలిచే అల్యూమినియం గిన్నె అంటే మన ఇళ్ళలో కాస్త చులకన. ఇత్తడి బిందెకూ కంచు గిన్నెకూ ఉన్న మర్యాద దానికి లేదు. కాని ఈ లోహం పుట్టిన కొత్తలో దాని వైభవమే వేరు. 1855లో పారిసు నగరంలో జరిగిన గొప్ప ప్రదర్శనలో అల్యూమినియం కడ్డీలను వింతవస్తువుగా పెట్టి జనానికి చూపించారు. అప్పటి ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్‌కు ఆ తేలికైన లోహంమీద మోజు కలిగింది. సిపాయిల సామగ్రి దానితో చేయిస్తే వాళ్ళ వీపుమీద బరువు తగ్గుతుంది గదా అని ఆలోచించి, సెంత్ క్లేర్ దవీల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడికి డబ్బిచ్చి పరిశోధనలు చేయించాడు. లోహం తయారయింది గాని, సిపాయికి లోటా చేసి ఇచ్చేటంత చవకగా తయారు కాలేదు.

ఆ చవకతనం 1886లో వచ్చింది. అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, విద్యుత్తును ప్రవహింపజేసి అల్యూమినియం తీసే ఉపాయం ఒకే ఏడాది కనిపెట్టారు. ఇంకో వింత ఏమంటే, వాళ్ళిద్దరూ పుట్టింది ఒకే సంవత్సరం, 1863; చనిపోయిందీ ఒకే సంవత్సరం, 1914. హాల్, ఎరూల ఉపాయానికి రెండేళ్ళ తరువాత, కార్ల్ జోసెఫ్ బేయర్ అనే ఆస్ట్రియా దేశీయుడు బాక్సైటు మట్టినుంచి శుభ్రమైన అల్యూమినా తీసే పద్ధతి చెప్పాడు. దానితో కొలిమికి మేత కూడా దొరికింది. ధర దబ్బున పడిపోయింది.

ఆ చవక లోహం మన దేశానికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1898లో మద్రాసు ఆర్ట్సు స్కూలులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. మన సత్తుగిన్నెల వంశవృక్షానికి అక్కడ ఒక వేరున్నది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1890ల దశాబ్దంలో, జర్మను సైన్యం తన సిపాయిల నీళ్ళబుడ్లనూ అన్నం గిన్నెలనూ అల్యూమినియంతో చేయించడం ప్రారంభించింది. మూడవ నెపోలియన్ కన్న కలను ఆయన శత్రువులు నిజం చేసుకున్నారన్నమాట.

మొదటి దెబ్బ

ఇంతకూ అల్యూమినియం లోటా అంత మంచిదెందుకు? ఒకే కొలతగల రెండు ముక్కలు తీసుకుని తూస్తే, ఇనుపముక్క అల్యూమినియం ముక్కకు దాదాపు మూడింతలు తూగుతుంది. రోజుకు పాతిక, ముప్ఫై మైళ్ళు కాలినడకన పోయే సిపాయికి ప్రతి తులమూ లెక్కే. పైగా అల్యూమినియం తుప్పు పట్టదు. గాలి తగలగానే దానిమీద కంటికి కనపడని సన్నని పొర ఒకటి కట్టుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. దాని దోషం ఒక్కటే. వేడి చాలా తొందరగా పాకుతుంది. పొగలు కక్కే కాఫీ పోస్తే అంచు పెదవిని చురుక్కుమనిపిస్తుంది. సత్తులోటాతో కాఫీ తాగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అప్పటికి జర్మనీలో సైనికుల సామగ్రికి అల్యూమినియం వాడుతున్నారు గాని, ఆ లోహాన్ని కరిగించి తీసే కార్ఖానాలు సొంతగడ్డమీద బహు స్వల్పం. బ్రిటిషు నౌకాదళం సముద్రమార్గాలను కట్టివేసింది. కొద్దికాలానికే సిపాయి నీళ్ళబుడ్డి పింగాణీపూత పూసిన ఉక్కులోకి దిగింది. ఆ దెబ్బతో కళ్ళు తెరిచిన జర్మనీ 1917లో ప్రభుత్వ పక్షాన పెద్ద అల్యూమినియం సంస్థను నెలకొల్పి సొంత కార్ఖానాలు కట్టించింది. యుద్ధంలో ఓడిపోయినా కార్ఖానాలు మిగిలాయి. నేర్చుకున్న పాఠం కూడా మిగిలింది.

1931 నాటి సొగసు

1931లో జర్మను సైన్యం కొత్త నీళ్ళబుడ్డిని ప్రవేశపెట్టింది. దాన్ని కాస్త వివరంగా చూద్దాము. బుడ్డి అల్యూమినియంది. దాదాపు ముప్పావులీటరు పైన, అంటే 0.8 లీటరు నీళ్ళు పడతాయి. మెడకు మరమూత. చుట్టూ ఉన్నిని అదిమి చేసిన ఫెల్టు తొడుగు, దానికి టిక్కుబొత్తాములు. ఆ తొడుగు తడిపితే ఎండలో నీళ్ళు చల్లగా ఉంటాయి, చలిలో వెంటనే గడ్డకట్టవు. మూతమీద కోడిగుడ్డులా కోలగా ఉండే అల్యూమినియం లోటా బోర్లించి ఉంటుంది. ఒక తోలు పట్టీ లోటానూ బుడ్డినీ కలిపి బిగిస్తుంది. రొట్టెసంచికి తగిలించి నడుము పక్కన వేలాడేస్తారు.

లోటా బయటివైపు నల్లరంగు పూసేవారు. మెరిసే లోహం ఎండలో తళుక్కుమంటే అవతల పొంచి ఉన్నవాడికి గురి దొరుకుతుంది గదా! అడుగునో పక్కనో తయారీదారు గుర్తుగా రెండు మూడు అక్షరాలు, సంవత్సరం తెలిపే రెండు అంకెలు గుద్దేవారు. ఆ అంకెల పుణ్యమా అని ఏ లోటా ఏ ఏడాదిదో ఇవాళ మనం చెప్పగలుగుతున్నాము.

1936లో హిట్లరు ప్రభుత్వం నాలుగేళ్ళ ప్రణాళిక ఒకటి ప్రకటించింది. పరాయి దేశాలమీద ఆధారపడకుండా యుద్ధానికి సిద్ధపడటం దాని ఉద్దేశం. రాగి, తగరం, నికెలు జర్మనీలో తగినంత లేవు. వాటికి బదులు అల్యూమినియం వాడమని పరిశ్రమలకు తాకీదులు వెళ్ళాయి. 1938 నాటికి ప్రపంచంలో అందరికంటె ఎక్కువ అల్యూమినియం తీసే దేశం జర్మనీయే. ఆ రోజుల్లో సిపాయి లోటాకు, గిన్నెకు, బెల్టు బిళ్ళకు, శిరస్త్రాణం లోపలి పట్టీకి కూడా అల్యూమినియం ధారాళంగా వాడారు. 1939 నుంచి 50 ఫెన్నిగుల నాణెం కూడా అల్యూమినియంతోనే కొట్టారు. చూసేవాళ్ళకు ఆ ఇంట్లో కొరత అన్నమాటే లేదనిపించేది.

ఆకాశం మింగిన లోటా

కొరత లేదన్న ఆ మాటలో ఒక డొల్ల ఉన్నది. కార్ఖానాలు జర్మనీలో ఉన్నా, బాక్సైటు హంగరీనుంచీ, యుగోస్లావియానుంచీ, తరువాత ఆక్రమించుకున్న ఫ్రాన్సునుంచీ రావలసిందే. నాలుగు టన్నుల బాక్సైటు పోస్తే ఒక టన్ను లోహం వస్తుంది. ఆ ఒక్క టన్నుకు ఆనాటి లెక్కన ఇరవై వేల యూనిట్ల పైచిలుకు కరెంటు కావాలి. అంటే బొగ్గు కావాలి, రైళ్ళు కావాలి, మనుషులు కావాలి.

ఇవన్నీ ఒకెత్తు, విమానాలు ఒకెత్తు. 1909 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు అల్యూమినియంలో కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపి డ్యూరాలుమిన్ అనే గట్టి లోహం చేశాడు. విమానం ఒళ్ళంతా అటువంటి లోహమే. 1939లో జర్మనీ తయారుచేసిన విమానాలు ఎనిమిది వేల పైచిలుకు. 1944లో అవి సుమారు 40 వేలు! ఇంట్లో పెండ్లి తలపెట్టినప్పుడు పాలన్నీ పాయసానికే పోతే, పిల్లవాడి గ్లాసులోకి ఎక్కడినుంచి వస్తాయి? కొత్త విమానానికి రెక్క కావాలి. సిపాయికి లోటా కావాలి. రెండూ అడిగేది ఒకే లోహాన్ని. రాజ్యం రెక్కవైపే మొగ్గింది.

మార్పు ఒక్కరోజున రాలేదు. మొదట నల్లరంగు పోయి ఆకుపచ్చరంగు వచ్చింది. 1940నుంచి శిరస్త్రాణం లోపలి అల్యూమినియం పట్టీకి బదులు జస్తాపూత ఉక్కు వచ్చింది. బెల్టు బిళ్ళ ఉక్కుదయింది. తోలు పట్టీకి బదులు కొన్నిచోట్ల నేతపట్టీ వచ్చింది. యుద్ధం సగం దాటేసరికి పింగాణీపూత ఉక్కు లోటాలు, ఉక్కు బుడ్లు విరివిగా సిపాయిల చేతికి వచ్చాయి. మొదటి యుద్ధంలో ఏ మెట్టుమీద జారిపడ్డారో, పాతికేళ్ళకు మళ్ళీ అదే మెట్టుమీద నిలుచున్నారు.

పింగాణీ, బేకలైటు

పింగాణీపూత అంటే గాజుపొడిని ఉక్కురేకుమీద చల్లి, సుమారు 800 డిగ్రీల వేడిలో కరిగించి అతికించడం. చూడటానికి నున్నగా, కడగటానికి వీలుగా ఉంటుంది. పెదవి కాలడం కూడా కాస్త తక్కువ. కాని మన ఇళ్ళలో పింగాణీ పళ్ళెం చేయిజారి కిందపడితే ఏమవుతుందో తెలుసు గదా! గాజు పెచ్చు ఊడుతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. వంటింటి గచ్చుమీద పడితేనే అట్లా ఐతే, రాళ్ళమీద పాకే సిపాయి నడుముకు వేలాడే లోటా ఎన్నాళ్ళు నిలుస్తుంది?

బేకలైటు కథ వేరు. లియో బేక్‌లండ్ అనే బెల్జియం దేశీయుడు అమెరికాలో స్థిరపడి, 1907లో ఫీనాలు, ఫార్మాల్డిహైడు కలిపి దీన్ని తయారుచేశాడు. పాతకాలపు నల్లని విద్యుత్ స్విచ్చులు, టెలిఫోనులు దీనితో చేసినవే. ఫీనాలు తారులోనుంచి వస్తుంది, తారు బొగ్గులోనుంచి వస్తుంది. బొగ్గు జర్మనీలో పుష్కలం. అందుచేత ఉష్ణదేశాల్లో పోరాడే దళాలకు ఇచ్చిన నీళ్ళబుడ్లకు ఫెల్టు బదులు రెసిన్ పట్టించిన పలుచని చెక్కపొరల తొడుగు వేసి, మీద బేకలైటు లోటా బోర్లించారు. ఈ లోటా పెదవిని కాల్చదు, తుప్పు పట్టదు. ఐతే దాన్ని పొయ్యిమీద పెట్టడానికి వీల్లేదు, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. అల్యూమినియం లోటాలో మంచు కరిగించుకుని నీళ్ళు కాచుకునేవారు. బేకలైటు లోటా ఉన్నవాడు పక్కవాడి లోటాకోసం చూడవలసిందే.

1941 చలికాలంలో మాస్కో దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల కిందికి దిగినప్పుడు, ఈ చిన్నవిషయాలే పెద్దవయ్యాయి. వేసవిలోనే విజయం ఖాయమని బయలుదేరిన సైన్యానికి చలిబట్టలు లేవు. ఆ డిసెంబరులో గోబెల్సు రేడియోలో మాట్లాడి, సిపాయిలకు ఉన్నిబట్టలు, బొచ్చుకోట్లు దానం చేయండని ఇంటింటినీ అడగవలసివచ్చింది.

లోటాలో పోసేది కూడా మారింది. అసలైన కాఫీ గింజలు కరువై, వేయించిన బార్లీ కషాయమే కాఫీ పేరుతో చెలామణీ అయింది. చికోరి కాస్త ఎక్కువైతేనే ముఖం చిట్లించే మన కాఫీప్రియులు ఆ అవస్థను ఊహించుకోవచ్చు.

ఇంటి సామాను, గుడి గంట

కొరత సిపాయి దగ్గర ఆగలేదు. 1940 వసంతంలో, హిట్లరు పుట్టినరోజు కానుక అని పేరుపెట్టి, జర్మనీ ప్రజల ఇళ్ళనుంచి రాగి, కంచు, తగరం, నికెలు వస్తువులు పోగుచేశారు. అదే ఏడునుంచి చిల్లర ఫెన్నిగుల నాణేలు జస్తావి అయినాయి. చర్చి గంటలను కూడా గోపురాలనుంచి దింపారు. జర్మనీలోనూ, ఆక్రమించుకున్న దేశాల్లోనూ కలిపి లక్షకు పైగా గంటలు అట్లా పోయాయి. హాంబర్గు రేవులో గుట్టలుగా పడివున్న గంటల ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. తరతరాలుగా పెండ్లికీ చావుకూ మోగిన గంటలు కొలిమిలో కరిగిపోయాయి.

ఇది జర్మనీకే పట్టిన అవస్థ కాదు. 1940 జులైలో ఇంగ్లండులో లార్డ్ బీవర్‌బ్రూక్ స్త్రీలను ఉద్దేశించి, మీ అల్యూమినియం గిన్నెలివ్వండి, విమానాలు చేస్తామని కోరాడు. ఇల్లాళ్ళు బాణళ్ళు, మూకుళ్ళు పట్టుకుని వరసలు కట్టారు. అమెరికా కూడా 1942లో సైనికుల నీళ్ళబుడ్లను పింగాణీపూత ఉక్కుతోనూ, ప్లాస్టిక్కుతోనూ చేసి చూసింది. అక్కడా పింగాణీ పెచ్చులూడింది. కాని అమెరికాకు దండిగా కరెంటు ఉన్నది, కొత్త కార్ఖానాలు కట్టే తీరిక ఉన్నది. వాళ్ళు తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు లోటాకు మారి బయటపడ్డారు. జర్మనీకి ఆ దారి లేదు. తుప్పుపట్టని ఉక్కుకు కావలసిన నికెలూ, క్రోమియమూ దానికి ఇంకా పెద్ద కరువు.

జర్మనీ చివరిదశలో విమానాలకే అల్యూమినియం చాలలేదు. 1944లో హడావిడిగా తయారుచేసిన హైన్‌కెల్ 162 అనే జెట్ విమానానికి చెక్క రెక్కలు అతికించారు. ఏ రెక్కలకోసం సిపాయి లోటాను లాక్కున్నారో, ఆ రెక్కలే చివరికి చెక్కవైనాయి!

ఆ కార్ఖానాల్లో పనిచేసింది ఎవరన్నది కూడా మరవరాదు. ఆక్రమిత దేశాలనుంచి బలవంతంగా తెచ్చినవారూ, యుద్ధఖైదీలూ, శిబిరాల్లో బందీలూ కలిపి కోటిమందికి పైగా జర్మనీలో వెట్టిచాకిరీ చేశారు. జర్మనుల చేతికి చిక్కిన సోవియట్ సైనికుల్లో ముప్ఫై లక్షలమంది చనిపోయారు. ఆ శిబిరాల్లో అంబలి పోయించుకోవడానికి గిన్నె లేక టోపీ పట్టినవారున్నారు, పారేసిన రేకుడబ్బా పట్టినవారున్నారు. జర్మను సిపాయికి లోటా నాసిరకందైంది. అతని బందీకి అదీ లేదు.

పేరు మిగిలేదెక్కడ?

మన ఇళ్ళలో కూతురి పెండ్లికి బిందె ఇచ్చినా, చెంబు ఇచ్చినా, దానిమీద పేరు చెక్కిస్తాము. ఎవరింటి సామాను వారికి చేరాలి గదా! సిపాయిలు కూడా అదే చేశారు. కత్తిమొనతో, మేకుతో లోటామీద, గిన్నెమీద తమ పేరో, పొడి అక్షరాలో గీసుకున్నారు. అల్యూమినియం మెత్తని లోహం కాబట్టి గీత చక్కగా దిగుతుంది. పింగాణీమీద దిగదు. గట్టిగా గీకితే పెచ్చు ఊడి ఆ చోట తుప్పు పడుతుంది.

ఈ గీతల విలువ ఎనభై ఏళ్ళ తరువాత తెలిసింది. రష్యాలోనూ, తూర్పు ఐరోపాలోనూ అడవుల్లో, చిత్తడినేలల్లో ఆనాటి సైనికుల అస్థికలు ఇప్పటికీ బయటపడుతున్నాయి. జర్మను సిపాయి మెడలో కోలగా ఉండే ఒక గుర్తింపు బిళ్ళ ఉండేది. చనిపోతే సగం విరిచి తీసుకుపోయి, సగం శవంమీద ఉంచాలని నియమం. ఆ బిళ్ళ కూడా లోటావలెనే మారుతూ వచ్చింది. అల్యూమినియంవి ఉన్నాయి, జస్తావి ఉన్నాయి, చివరి రోజుల ఉక్కువి ఉన్నాయి. అల్యూమినియం బిళ్ళ మట్టి కడిగితే అంకెలు కనపడతాయి. జస్తా, ఉక్కు బిళ్ళల్లో చాలావాటిని మట్టి తినివేసింది.

సోవియట్ సైనికుల పరిస్థితి మరీ దయనీయం. వాళ్ళకిచ్చింది ఎబొనైటు గొట్టం, అందులో పేరు రాసిన కాగితం. పేరు రాస్తే చావు పిలిచినట్టేనని చాలామంది ఖాళీ కాగితమే పెట్టుకున్నారు. 1942 నవంబరులో ఆ గొట్టాల పద్ధతినే ఎత్తివేశారు. ఇవాళ ఆ నేలలో వెదికే స్వచ్ఛంద బృందాలవారికి ఎన్నోసార్లు ఆధారం దొరికేది కాగితంలో కాదు. అల్యూమినియం చెంచామీదో, అన్నంగిన్నె పక్కనో గీసుకున్న ఇంటిపేరులో. ఆ ఒక్క గీత ఆధారంగా, తండ్రి ఎక్కడ పడిపోయాడో తెలియకుండానే ముసలివారైన పిల్లలకు కబురు అందింది.

యుద్ధం ముగిశాక జర్మనీ పట్టణాల్లో ఇళ్ళూ లేవు, గిన్నెలూ లేవు. కార్ఖానాల్లో మిగిలిపోయిన ఉక్కు శిరస్త్రాణాలకు చిల్లులు పొడిచి జల్లెడగిన్నెలు చేశారు, పిడి తగిలించి వంటపాత్రలు చేశారు. విషవాయువు ముసుగులు పెట్టుకునే డబ్బాలు పాలు తెచ్చుకోవడానికి పనికివచ్చాయి. అవి ఇప్పటికీ అక్కడి మ్యూజియముల్లో అద్దాల బీరువాల్లో ఉన్నాయి. సిపాయి లోటాలు కూడా ఉన్నాయి. నల్లరంగు రాలిన అల్యూమినియంవి, పెచ్చులూడిన పింగాణీవి. వాటిని చూసేవారు ముందు అడుగున గుద్దిన సంవత్సరం చదువుతారు. తరువాత పక్కకు తిప్పి, ఎవరి పేరైనా ఉన్నదేమోనని వెదుకుతారు.